మిర్యాలగూడ లిస్టులో ఒక లైను

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేను. కొంచెం పెంచుతాను. ఎండ గురించి చెబితే అందులో సగం తీసేయండి. దూరం గురించి చెబితే మూడో వంతు తీసేస్తే చాలు. మా అత్తగారింటి గురించి చెబితే మొత్తం తీసేయవచ్చు కానీ, ఎందుకైనా మంచిది, కాస్త ఉంచుకోండి.

ఇది మా ఇంట్లో తరతరాలుగా ఉన్నదే. మా నాయన చెప్పే వానల్లో మేము పిల్లలం చాలాసార్లు మునిగిపోయాం. మా తమ్ముడైతే రెండుసార్లు కొట్టుకుపోయి ఒకసారే దొరికాడు. అతను ఇప్పుడు నల్లగొండలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడు.

నేను సూర్యాపేటలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పగలంతా ఫైళ్ల మీద ‘పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా’ అని రాస్తాను. ఫైలులో ఒక్క అక్షరం పెంచడానికి వీల్లేదు. పదిన్నర నుంచి ఐదు వరకు అలా బిగబట్టుకున్నదంతా సాయంత్రం ఇంటికి తెచ్చి వదులుతాను. మిగిలింది బ్లాగులో రాస్తాను.

దీనివల్ల నాకు జరిగిన నష్టం ఒక్కటే. నన్ను ఎవరూ నమ్మరు. ఒకసారి రికార్డు గదిలో పాము ఉందని చెబితే, మా అటెండరు ‘ఎన్ని తలలు సారు’ అని అడిగి టీ తాగడానికి పోయాడు. పాము ఆ గదిలోనే మూడు ఆర్థిక సంవత్సరాలు ఉంది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు చూసి చెబితే అప్పుడు నమ్మారు. నన్ను కాదు, ఆడిట్ వాళ్లను.

బ్లాగుది కూడా అదే పరిస్థితి. ఆరేళ్లుగా రాస్తున్నాను. చదివేవాళ్లు ముగ్గురు. ఆఫీసు కంప్యూటర్‌లో నేను, ఫోన్‌లో నేను, జనరేటర్ కిరాయికి దొరుకుతుందేమో అని వెతుకుతూ దారి తప్పి వచ్చిన ఒక కోదాడ పెద్దమనిషి. ఆయన పాపం ఐదు నిమిషాలు ఉన్నాడు. మా ఆవిడ ఒక్క ముక్క కూడా చదవలేదు. ఎందుకు చదవవని అడిగితే, ‘రోజూ వింటున్నాగా, మళ్లీ చదవడం కూడానా’ అంది. ఆమెది కోదాడ. అక్కడివాళ్లు మర్యాదగానే కోస్తారు.

ఇలా ఉండగా మా పెరట్లో కరివేపాకు చెట్టుకు తెల్ల పురుగు పట్టింది. ఎంత పట్టిందంటే చెట్టు కనబడక రెండు రోజులు వెతికాం. ఏం చేయాలో ఫోన్‌లో చూశాను. పేజీల మీద పేజీలు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకే పేరా. ‘కరివేపాకు అనేది ఒక చెట్టు’ అని మొదలవుతుంది, ‘కాబట్టి కరివేపాకు ఎంతో ముఖ్యమైన చెట్టు’ అని ముగుస్తుంది. మధ్యలో మోకాళ్ల నొప్పుల నూనె, హైవే పక్కన ప్లాట్లు, మళ్లీ మోకాళ్ల నొప్పుల నూనె. మనిషి రాసిన వాక్యం ఒక్కటి కూడా లేదు. అలా కిందికి, ఇంకా కిందికి, మా జిల్లాలో ఎవరూ దిగనంత కిందికి దిగాను. అక్కడ అడుగున దొరికింది ఆ లిస్టు.

తెల్లటి పేజీ. బొమ్మ లేదు, రంగు లేదు, కదిలేదీ మెరిసేదీ ఏదీ లేదు. పైన ‘నేను సదివి సూసినవి’ అని ఉంది. కింద వరసగా బ్లాగుల పేర్లు. ఒక్కో పేరు పక్కన ఒక్కో లైను. ఎవరో మనిషి కూర్చుని, ఒక్కొక్కటీ చదివి, తన చేత్తో చేర్చిన లిస్టు. యంత్రం వేసింది కాదని ఎలా తెలిసిందంటే, ఒక పేరు పక్కన ‘నిన్న కరెంటు పోయింది, మిగతాది వచ్చే ఐతారం’ అని ఉంది. యంత్రాలు ఆదివారం దాకా ఆగవు.

ఆ పేర్లను ఆయన వడ్లు వేరుచేసినట్టు వేరుచేశాడు. ఓపిగ్గా, పొడుగ్గా రాసేవాళ్లు సన్నాలు. మోటుగా, కడుపు నిండా రాసేవాళ్లు దొడ్డువి. నాలుగేసి ముక్కల్లో ముగించేవాళ్లు నూకలు. కొన్నాళ్లుగా రాయడం మానేసినవాళ్ల కోసం ‘ఆరబెట్టినవి’ అని వేరే ఉంది. చచ్చినవి అనలేదు. ఎండకు పోసి ఉంచాడంతే, ఎప్పుడైనా మళ్లీ ఎత్తుకోవచ్చు.

సన్నాలలో గరిడేపల్లి దగ్గర ఒక ఆమె బ్లాగు ఉంది. పెరటి చెట్ల గురించి రాస్తుంది. పక్కన ఆయన మాట: ‘తేమ కొద్దిగ ఎక్కువ. గని చేసినదే రాస్తది, చేయంది రాయది.’ లోపలికి వెళ్తే కరివేపాకు ఉంది. గంజి పలచగా చేసి ఆకుల మీద చల్లమంది. చల్లాను. పురుగు పోయింది. పురుగుతో పాటు ఇంటర్నెట్ మీద నాకున్న అభిప్రాయం కూడా కొంత పోయింది.

తర్వాత నేను ఆఫీసులో మధ్యాహ్న భోజనం మానేసి ఆ లిస్టు తినడం మొదలుపెట్టాను. మునగాల దగ్గర హైవే మీద పంక్చర్ షాపు ఆయన ఒకడు ఉన్నాడు. ఏ లారీ టైరులో ఏం దిగిందో అది మాత్రమే రాస్తాడు. మేకు, ఎముక, తాళంచెవి, ఒకసారి కాలి పట్టీ మువ్వ. అంతే, ఇంకేమీ రాయడు. ఆ మువ్వ ఎవరిదై ఉంటుందా అని నేను మూడు రోజులు ఫైలు ముట్టలేదు. మోతె వైపు గొర్లకాపరుల ఇంట్లో పుట్టి, ఇప్పుడు ఎక్కడో పంతులుగా పనిచేస్తున్న ఆయన ఒకడు ఉన్నాడు. ఇంటి దగ్గరున్న గొర్రెల గురించి ఒక్కొక్కదాని గుణం రాస్తాడు. మా ఆఫీసు స్టాఫు గురించి కూడా అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. దాని పక్కన ఉన్న లైను: ‘గొర్రెను గొర్రె లెక్కనే రాసిండు. సాలు.’ ఒక తండా అమ్మాయి తన నాయనమ్మ లంబాడీ మాటల్లో వానకు ఎన్ని పేర్లున్నాయో తెలుగులో రాస్తుంది. పక్కన: ‘రెండు తీర్ల గింజ. కలిపి పోయలే, పక్కపక్కన పోసింది.’

లిస్టు చివర ‘నా కన్న మంచిగ ఏరేటోళ్లు’ అని ఇంకో మూడు లిస్టుల దారి ఉంది. వాటి చివర మరికొన్ని. మా సూర్యాపేటలో అడ్రసు అడిగితే ఎవరూ చెయ్యి చూపించి ఊరుకోరు. వెంట వచ్చి, గల్లీ మలుపు దాకా నడిచి, అక్కడ ఇంకొకరికి అప్పజెప్పి పోతారు. ఆ ఇంకొకాయన ఆ ఇల్లు తనకు తెలియకపోయినా తెలిసినవాడి దాకా తీసుకెళ్తాడు. ఈ లిస్టులూ సరిగ్గా అంతే. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతూ పోతూ, నేను ఆ నెలలో చదివినంత, పరీక్షలు రాసిన రోజుల్లో కూడా చదవలేదు. దీన్ని సగం చేయక్కర్లేదు. పరీక్షలకు నేను ఏమీ చదవలేదు.

అప్పుడు పుట్టింది ఆశ. ఆ లిస్టులో నా పేరు పక్కన ఆ మనిషి రాసిన ఒక్క లైను కావాలి. పొగడక్కర్లేదు. పాముకు ఆడిట్ వాళ్లు రాసిచ్చినట్టు, ‘ఇది ఉన్నమాటే’ అని ఎవరో ఒకరు నా గురించి రాసిస్తే చాలు. యాభై మూడేళ్లకు మనిషికి ఇంతకంటే పెద్ద కోరిక ఉండకూడదని డాక్టర్లు కూడా అంటారు.

ఉత్తరం రాశాను. నలభై పేజీలు. మా ఆవిడ తీసేసే లెక్కలో చూసుకుంటే రెండు. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. ‘ఫోన్ల సదివితే గింజ తెల్వది. అన్నీ కాగితాల మీద కొట్టించి ఐతారం మిర్యాలగూడ తెండ్రి. మూడు తావుల గుచ్చి సూస్త.’ కింద ఇంటికి దారి. దూరం వాళ్లు పోస్టులో పంపుతారట, దగ్గరోళ్లు తెచ్చుకోవాలట.

జిరాక్స్ షాపులో అచ్చు వేయించాను. ఆరేళ్లలో నేను రాసింది ఏ ఫైలులోనూ పట్టలేదు. చివరికి షాపు ఆయనే లోపలి నుంచి ఒక గోనె బస్తా తెచ్చి ఇచ్చాడు. అందులో నింపి మూతి కుట్టాం.

ఆ ఆదివారం మా ఆవిడ కోదాడలో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాలి. ఆమెను అక్కడ దించి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లి, సాయంత్రానికి మళ్లీ కోదాడ చేరాలని ఏర్పాటు. బస్సులో కండక్టర్ బస్తాను కాలితో తోసి చూసి, లోపల ఏముందని అడిగాడు. సాహిత్యం అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి కూరగాయల కింద టికెట్ కొట్టాడు.

మునగాల దాటాక మా ఆవిడ బస్తా వైపు చూసి, “ఇదంతా ఎవరు చదువుతారండీ?” అంది.

“మిర్యాలగూడలో ఒకాయన.”

“పాపం,” అంది.

మిర్యాలగూడలో బస్సు దిగితే ముందు తవుడు వాసన వస్తుంది. మిల్లుల వైపు నడుస్తుంటే ఆ గాలికే సగం అన్నం తిన్నట్టు ఉంటుంది. ఆ పూట నేను రెండు వీధులు నడిచి త్రేన్చాను. ఆయన ఇల్లు మిల్లుల వెనక గల్లీలో, రెండు గదులు, ముందు అరుగు. డెబ్బై దాటిన మనిషి. బనీను, లుంగీ. అరచేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి పెట్టుకున్నట్టు పెద్దగా ఉన్నాయి. గదిలో మూలన పాత కంప్యూటర్, మిల్లు వాళ్లు కొత్తది కొన్నప్పుడు ఆయనకు ఇచ్చేసిందట. తెర వెనక భాగం ఒక పిల్ల ఏనుగంత ఉంది.

ఆయన ముప్ఫై ఏళ్లు ఒక మిల్లు గేటు దగ్గర వడ్లు చూసే పని చేశాడు. లారీ వచ్చి ఆగితే, బస్తాలో గుచ్చి గింజలు లాగే ఇనుప గొట్టం పట్టుకుని ఎక్కాలి. పైన ఒక పోటు, నడుమ ఒక పోటు, అడుగున ఒక పోటు. వచ్చిన గింజలను అరచేతిలో నలిపి, ఊది, ఒకటి కొరికి, తేమ ఎంత, తాలు ఎంత చెప్పాలి. తాలు అంటే లోపల బియ్యం లేని ఉత్త పొట్టు గింజ. పైకి అచ్చం వడ్ల గింజలాగే ఉంటుంది. పని మానేశాక చెయ్యి ఊరుకోక బ్లాగులు చూడటం మొదలుపెట్టాడట. ఆదివారానికి ఒక్కటి. దానికీ మూడు పోట్లే.

ఇదంతా ఆయన నాకు మంచినీళ్లు ఇచ్చి, బస్తా కుట్టు విప్పుతూ చెప్పాడు. అప్పటికే నేను ఆయన్ని కాకా అంటున్నాను. ఆయన నన్ను సారు అంటున్నాడు.

కుట్టు విప్పి, మొహం గోడ వైపు తిప్పుకుని, బస్తాలో చెయ్యి పెట్టాడు. పైనుంచి ఒక ముక్క, నడుమ నుంచి ఒక ముక్క, భుజం దాకా దించి అడుగు నుంచి ఒక ముక్క. చూడకుండానే తీశాడు. నా ఆరేళ్లు అరుగు మీద మూడు చిన్న కట్టలైపోయాయి.

మొదటిది ఎండాకాలం గురించి. అందులో మా పక్కింటి కోడి ఉడకబెట్టిన గుడ్డు పెట్టింది. ఆయన వేలు పెట్టి ప్రతి లైనూ చదివాడు. చదివి పక్కన పెట్టి, “తాలు” అన్నాడు.

రెండోది మా అత్తగారింటి గురించి. అక్కడ పప్పులో వేసిన ఇంగువకు హుజూర్‌నగర్‌లో తుమ్ముతారని రాశాను. ఆయన మీసం కొంచెం కదిలింది. “ఇది గూడ తాలే. గని మంచిగ ఎగరబోసినవు.” సారు పోయి నువ్వు వచ్చింది. మంచిదో చెడ్డదో తెలియలేదు.

మూడోది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అందులో ఏముందో మీకు చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక మంగళవారం, ఆఫీసులో నా ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి బరువెక్కింది, చెమట పట్టింది. నొప్పిగా ఉందని పక్క సీటు ఆయనకు చెప్పాను. ఎంత నొప్పి అని అడిగాడు. మామూలుగా అయితే ఆ ప్రశ్నకు నేను పావుగంట చెబుతాను. ఆరోజు ‘చాలా’ అని ఒక్క మాటే అనగలిగాను. అది నా మాట తీరులా లేదని కూడా ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ నవ్వారు. ఒకామె నా కోసం స్పెషల్ టీ తెప్పించింది. టీ అక్కడే పెట్టి, మెట్లు దిగి, ఆటో ఎక్కాను. ఆటోలోంచి మా ఆవిడకు ఫోన్ చేశాను. ఆమె అప్పుడు కోదాడలో ఉంది. విని, ‘మజ్జిగ తాగి పడుకోండి, పొద్దున చూద్దాం’ అని పెట్టేసింది. దవాఖానలో ఒక స్టెంటు వేశారు. నేను తిరిగి ఆఫీసుకు వెళ్లాక నాలుగు వేశారని చెప్పాను. దాంతో వాళ్లు ఒక్కటి కూడా నమ్మలేదు. ఇదీ అందులో రాసింది.

ఆయన చదవడం అయిపోయింది. కాగితాన్ని రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా రుద్దాడు. గింజను నలిపినట్టే.

“మిల్లుకు తాలు లేని వడ్లు ఇప్పటిదాంక ఒక్క లారీ రాలే,” అన్నాడు. “తాలు ఉంటే ఫికర్ లేదు. రైతు ముందుగాల్నే ‘కాకా, దీంట్ల ఇంత తాలున్నది’ అంటే గంత తూకం తీసేసి దించుకుంటం. సెప్పకుండ పైన మంచియి పోసి తెస్తే బస్తా వాపస్. నువ్వు గూడ గట్లనే చెయ్యి. ప్రతి దాని అడుగున, ‘దీంట్ల నేను కల్పించింది ఇది’ అని రాయి. లిస్టుల పెడత.”

ఇంత సులువైన షరతు నేను ఊహించలేదు. అక్కడికక్కడే ఒప్పుకున్నాను. గుడ్డు కల్పించానని, తుమ్ములు కల్పించానని చెప్పాను.

“మూడోది?”

“అది మొత్తం నిజమే కాకా.”

ఆయన కాగితం నా చేతిలో పెట్టాడు. “నిజమే. గని దీంట్ల ఒక్క గింజ ఉన్నది. నలిపితే బియ్యం రాలే. ఏదో నాకు తెల్వది బిడ్డా. నీకెరుకే.”

లేదన్నాను. ఆ స్టెంటు మచ్చ చూపిస్తానని కూడా అన్నాను. దవాఖాన కాగితాలు తెస్తానన్నాను. నా జీవితంలో పెంచకుండా రాసింది అదొక్కటే అని, దాన్ని కూడా నమ్మకపోతే ఇక నేను ఎవరికి చెప్పుకోవాలని అన్నాను. నా గొంతు కొంచెం పెరిగింది. ఆయన గొంతు పెరగలేదు. లారీలు తెచ్చిన వాళ్లు ముప్ఫై ఏళ్లు ఆయన మీద అరిచి ఉంటారు. నేను అరిచిందాన్ని ఆయన ఇంటి ముందు నుంచి పోయే ఆటో శబ్దం కంటే ఎక్కువ లెక్కచేయలేదు. మూడు ముక్కలూ పైన వేసి, బస్తా మూతి మళ్లీ తనే కుట్టాడు, జిరాక్స్ షాపు ఆయన కంటే గట్టిగా. అరుగు దిగేదాకా పట్టుకొచ్చి నా భుజం మీద పెట్టాడు. భోజనం చేసి పొమ్మన్నాడు. ఆకలి లేదన్నాను. తవుడు గాలి వల్ల అనుకున్నాడో ఏమో, ఇంకోసారి అడగలేదు.

సాయంత్రం కోదాడ చేరేసరికి వాన మొదలైంది. మా నాయన చెప్పే వాన కాదు, మామూలు తుంపర. మా ఆవిడ తలుపు తీసి, నన్ను కాక ముందు బస్తాను లోపలికి లాగింది. తడిసింది ఏదైనా ఉంటే ఆరబెడదామని కుట్టు విప్పింది. పైనే ఆ మూడు ముక్కలు ఉన్నాయి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లకు మొదటిసారి, నేను రాసింది మా ఆవిడ చదవడం చూశాను. గుడ్డు దగ్గర తల ఊపింది. ఇంగువ దగ్గర వంటింటి వైపు ఒకసారి చూసి, వాళ్లమ్మ వినడం లేదని తెలుసుకుని, మళ్లీ చదివింది. మూడోది చదువుతూ చదువుతూ కింద కూర్చుంది.

అయిపోయాక మడతపెట్టి బస్తాలో వేసింది. లోపలికి వెళ్లి గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది.

“తాగండి,” అంది.

తాగాను. ఉప్పు వేయలేదు. మర్నాడు పొద్దున సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూసింది. నేను మునగాల దగ్గర పంక్చర్ షాపు చూపించి, అదే అయ్యుంటుందని ఒక కథ మొదలుపెట్టాను. సగంలో నాకే విసుగొచ్చి ఆపేశాను. నేను మొదలుపెట్టిన కథ నేనే ఆపడం మా వంశంలో అదే మొదటిసారి.

తర్వాత మూడు వారాలు పని చేశాను. ఆరేళ్ల బ్లాగులో ప్రతి ముక్క అడుగునా ఒక లైను చేర్చాను. ఇందులో కోడి కల్పితం. ఇందులో పాము నిజం, దాని పొడవు కల్పితం. ఇందులో అత్తగారు నిజం, మిగతా అంతా కల్పితం. కొన్నింటికి, అసలు రాసినదానికంటే అడుగున చెప్పుకున్నదే పొడుగైంది. చిత్రం ఏమిటంటే, చదివేవాళ్లు ముగ్గురి నుంచి తొమ్మిదికి పెరిగారు. వాళ్లు పైది వదిలేసి తిన్నగా అడుగుకే వస్తున్నారని నా అనుమానం.

అన్నీ చేశానని మిర్యాలగూడకు ఉత్తరం పెట్టాను. ఈసారి నాలుగు లైన్లే రాశాను. జవాబు ఒక్క మాట.

‘మూడోది?’

దానికి అడుగున అప్పటికే ‘ఇందులో కల్పించింది ఏదీ లేదు’ అని రాసి ఉంచాను. ఆయన దాన్ని కూడా చదివే అడిగాడు. ఆ ఆదివారం లిస్టు తీశాను. దొడ్డువి వరసలో ఎవరో బోర్లు వేసే ఆయన్ను కొత్తగా చేర్చాడు. ‘నీళ్లు పడనివి గూడ రాసిండు’ అని పక్కన ఉంది. మరుసటి ఆదివారం ఇంకొకరు. ఆ తర్వాత ఆదివారం ఇంకొకరు. ప్రతి వారం పొద్దున్నే తీసి చూస్తున్నాను. నాకంటే అధ్వాన్నంగా రాసేవాళ్లు కూడా వస్తున్నారు. వాళ్లందరూ తాలు ఎంతో చెప్పే వచ్చారు మరి.

అందుకని ఇది రాశాను. కాకాకు పంపే ముందు, అడుగున రాయాల్సింది రాస్తున్నాను.

ఇందులో బస్తా నిజం. కండక్టర్ కూరగాయల టికెట్ కొట్టింది నిజం. పాము మూడు ఆర్థిక సంవత్సరాలు ఉండటం నిజం, కావాలంటే ఆడిట్ రిపోర్టు ఉంది. ఆఫీసులో నవ్వింది, టీ తెప్పించింది నిజం. నేను కల్పించింది ఆ ఫోను.

ఆటోలో ఫోన్ చేతిలోనే ఉంది. మా ఆవిడ నంబరు తెర మీదే ఉంది. నొక్కలేదు. నొక్కితే, ఆఫీసులో వాళ్లలాగే ఆమె కూడా నవ్వుతుందేమో అనుకున్నాను. ఆ నవ్వు వింటూ దవాఖాన దాకా పోవడం నా వల్ల కాదనిపించింది. ఆమె మజ్జిగ తాగమనలేదు. ఆమె ఏమీ అనలేదు. అనడానికి నేను అవకాశమే ఇవ్వలేదు. తర్వాత రాసేటప్పుడు, ఫోనే చేయలేదని రాస్తే నేను పిరికివాడిలా కనబడతానని, ఆమె నోట్లో ఆ మాట పెట్టాను. రెండేళ్లు అది బ్లాగులో అలాగే ఉంది. ఆమెకు కబురు చెప్పింది దవాఖాన నర్సు. బస్సు ఇప్పట్లో రాదని తెలిసి, కోదాడ బైపాస్ దగ్గర చెయ్యి ఎత్తి, సూర్యాపేట వైపు వస్తున్న ఉల్లిగడ్డల డీసీఎం లారీ ఆపించి, డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చింది. నాకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఉంది.

ఈ పేరా పంపే ముందు ఆమెకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఒక్కటే దిద్దింది. ఉల్లిగడ్డలు కాదట, టమాటలట. లోపల జాగా లేక ఒక పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చిందట. నాకు ఇప్పటిదాకా తెలియదు.